నందిగామలో అడ్మిటైన డోలక్

ఎవరి తాళం తప్పినా నలుగురిలో మొహం మీదే చెప్పెయ్యడం తనలోని సేవాగుణమని ప్రేమదాసు నమ్మకం. తను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు గనక, తనకి తప్పు నేర్పినవాడే లేడని అతని వాదన. ఆదివారం చిల్లకల్లు చర్చిలో డోలక్ వాయించొచ్చి, వారమంతా జగ్గయ్యపేట ఇంట్లో కూర్చుని మిగతా వాయించేవాళ్ళని ఈసడిస్తాడు.

గోడకి వేలాడే ఆ డోలక్‌లో అతని గుండె కొట్టుకుంటూ ఉంటుంది. పెళ్ళైన నాటినుంచీ అంతే. భార్య కృపావతి ఆ దరువుకే కూరగాయలు తరుగుతుంది.

ఈ వానాకాలం దరువు చెడింది. రెండు గబగబా, ఒకటి ఆగి, మూడు తోసుకుంటూ. ప్రేమదాసుకి కాళ్ళు వాచాయి. గుమ్మం దాటితే ఆయాసం.

"వానకి చర్మం మెత్తబడింది," అని డోలక్ తాళ్ళు బిగించాడు.

"బిగించాల్సింది దాన్ని కాదేమో. డాక్టరుకి చూపించుకుందాం పదండి."

"వైర్లు తగిలించి నాకు తాళం నేర్పుతారా వాళ్ళు?"

మూడోసారి తాళ్ళు బిగించి అతను కునుకు తీస్తుంటే, కృపావతి డోలక్‌ని దుప్పట్లో చుట్టుకుని నందిగామ బస్సెక్కింది.

అక్కడి ఆసుపత్రిలో డాక్టర్ గీతాంజలి డోలక్‌కి స్టెతస్కోపు ఆనించి రెండు నిమిషాలు వింది.

"ఎవరిదమ్మా?"

"మా ఆయనదండి. ఆయనకి తీరిక లేదు. ఊళ్ళోవాళ్ళ తప్పులు చూసుకోవాలి."

"లయ పూర్తిగా తప్పింది. గుండె నీరసపడి రక్తాన్ని తొయ్యలేకపోతోంది. ఇలాగే వదిలేస్తే లోపల గడ్డకట్టి మెదడుకెళ్ళొచ్చు. ఇవాళే రావాలి."

"రమ్మంటే రారండి. దీన్నే ఇక్కడ పడుకోబెట్టుకోండి."

ఆరో నంబరు మంచం మీద డోలక్ అడ్మిటైంది.

సాయంత్రానికి ప్రేమదాసు కబురందుకుని రొప్పుతూ వచ్చాడు, వైద్యానికి కాదు, తన సొత్తు కోసం. "ఎవడు పడితే వాడు తాకితే పాడైపోద్ది," అంటూ మంచమెక్కి దాన్ని కావిలించుకున్నాడు. ఇక లేవలేకపోయాడు. నర్సు రూబీ డోలక్‌ని కృపావతి చేతికిచ్చి అతనికి వైర్లు తగిలించింది. కాగితం మీద గీతలు చూసి అతను మొహం చిట్లించాడు.

"ఎవడు వాయించాడిది? వాడి చేతులు విరగ్గొట్టాలి."

"మీరేనండి," అంది రూబీ.

స్కానులో గడ్డలేవీ లేవని చూసుకుని, మత్తిచ్చి, గుండెకి షాక్ ఇచ్చారు. బయట కృపావతి ఒళ్ళో డోలక్ ఆగిపోయింది. ఆవిడ ఊపిరీ ఆగింది. రెండు క్షణాలకి అది మళ్ళీ మొదలైంది, నెమ్మదిగా, మర్యాదగా.

ఇప్పుడు ప్రేమదాసు ఉప్పు తగ్గించాడు, నీళ్ళు కొలిచి తాగుతాడు, రక్తం పలచబడే మాత్ర ఒక్కపూటా మానడు. గీతాంజలి గురించి "తాళం తెలిసిన పిల్ల" అని ఊరంతా చెప్తాడు. నన్ను బతికించింది నువ్వేనని కృపావతితో అనడం మాత్రం అతనింకా నేర్చుకోలేదు.