చివర ఒక పొట్టి కూత

ఆ కొండదారిలో, ఏటి ఒడ్డున ఎక్కడ తినాలని ఎవరినడిగినా ఒకప్పుడు ఒకటే జవాబు: గరిటమ్మ దగ్గర. అది ఆమె అసలు పేరు కాదు లెండి. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా చేతిలో గరిట వదలదు కాబట్టి వచ్చిన పేరు. రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు, రేకుల కప్పు. అన్నం, పప్పు, ఏటి చేపల కూర, అంతే. కానీ అన్నం ఎప్పుడూ పొగలు కక్కుతూ ఉండేది, ఒక్క మెతుకు మిగిలేది కాదు.

దాని వెనక ఓ కిటుకుంది. బస్సు కొండ దిగేముందు పైమలుపులో, ఊట దగ్గర, ఇంజను చల్లార్చుకోడానికి ఆగుతుంది. అక్కడ పాత డ్రైవరు ఆకలితో ఉన్నవాళ్ళెందరో అడిగి, పదిమందికో పొడుగు హారన్ కొట్టేవాడు. చివర తనకోసం ఒక పొట్టి కూత. అది లోయ దాటి చెవిన పడగానే గరిటమ్మ ఎసట్లో బియ్యం పోసేది. బస్సు మలుపులన్నీ తిరిగి కిందికొచ్చేసరికి అన్నం సిద్ధం.

పోయిన నెల ఆయన రిటైరయ్యాడు. పోతూ పోతూ తన రబ్బరు బుడగ హారన్ ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. కొత్త డ్రైవరుకి ఈ కూతల సంగతీ తెలీదు, ఆగే ఉద్దేశమూ లేదు. తిన్నగా వంతెన అవతలి కొత్త హోటల్‌కి పోతాడు. అక్కడ డ్రైవరుకి భోజనం ఊరికే పెడతారు మరి!

నెలంతా గరిటమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఆడపడుచు చూసి చూసి, చివరికి అనేసింది.

"ఇక చాలు వదినా. రేపు పాతసామాన్లవాడిని రమ్మన్నాను. గుండిగలు ఇచ్చేసి నాతో టౌనుకి వచ్చెయ్. కుట్టుపని నేర్పిస్తాను."

"ఈ పొయ్యిలు మీ అన్నయ్య తన చేత్తో వేసినవి. ఆయన పోయాక కూడా ఒక్కపూట ఆరనివ్వలేదు నేను. రేపు కదా వాడొచ్చేది? ఇవాళ తాడో పేడో తేల్చుకుంటాను," అంది గరిటమ్మ.

డబ్బాలో ముప్పైమందికి సరిపడా బియ్యం ఉన్నాయి. అవే ఆఖరు.

"ఎసరు పెట్టి చెవులు రిక్కించుకుని కూర్చో. ఎన్ని కూతలొస్తే అన్ని పదులు."

"పిచ్చిగానీ పట్టిందా వదినా?"

"పట్టింది. పప్పు అడుగంటకుండా చూడు."

హారన్ కొంగున కట్టుకుని అడ్డదారిన కొండెక్కింది. మోకాళ్ళు మొరాయించాయి. వాటినీ నాలుగు తిట్టి నడిపించింది. పైకి చేరేసరికి బస్సు ఆగి ఉంది. డ్రైవరు బకెట్‌తో ఊట నీళ్ళు పడుతున్నాడు.

"ఆకలిగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి!" అని కేకేసింది.

"ఈ అడవిలో ఎక్కడ తినాలి తల్లీ?" అంది కిటికీ పక్కనున్న ముసలమ్మ.

"కింద మా దగ్గర. మీరు దిగేసరికి అన్నం వేడివేడిగా ఉంటుంది."

ఇరవై ఎనిమిది చేతులు లేచాయి. డ్రైవరు బకెట్ కింద పెట్టాడు.

"చూడమ్మా, నేనక్కడ ఆపను."

"బస్సు నీది నాయనా, బియ్యం నావి."

బుడగ నొక్కింది. ఒకటి, రెండు, మూడు. పొట్టిది మాత్రం వెయ్యలేదు. వీడికా? వీడి మొహం! అనుకుని హారన్ మళ్ళీ కొంగున కట్టేసి బస్సెక్కింది.

ఈపాటికి బియ్యం ఎసట్లో పడిపోయి ఉంటాయి. బస్సు ఆగకపోతే అదంతా నేలపాలే. రేకుల కప్పు కనబడింది. బస్సు వేగం తగ్గలేదు. ముసలమ్మ లేచి డ్రైవరు పక్కకెళ్ళి నిలబడింది.

"ఆపు బాబూ. నా కడుపుకి కూడా నువ్వే డ్రైవరువా?"

బస్సంతా గొల్లున నవ్వింది. బ్రేకు పడింది.

ఇరవై ఎనిమిదిమందీ తిన్నారు. డ్రైవరు మాత్రం ముఖం మాడ్చుకుని బస్సు చక్రం దగ్గరే నిలబడ్డాడు. గుండిగలో ఇద్దరికి మిగిలింది, వదినామరదళ్ళకి. గరిటమ్మ కంచం ముందు కూర్చుందేగానీ ముద్ద దిగలేదు. ఇన్నేళ్ళలో తన గడపలో ఒక్కణ్ణి ఆకలితో నిలబెట్టింది లేదు. ఇవాళ ఆ పని చేసింది. ఛీ అనిపించింది. కంచం పట్టుకుని బయటికి నడిచింది.

"పాతాయన చివర ఒక పొట్టి కూత వేసేవాడు, తనకోసం. నీకు నేను కావాలనే వెయ్యలేదు. తప్పు నాది. తిను."

"వంతెన దగ్గర నాకు ఊరికే పెడతారు," అన్నాడతను.

"పెడతారు. నువ్వు కొండమీద ఉండగానే నీకోసం బియ్యం పోస్తారా?"

అతను కంచం అందుకున్నాడు. మారు వడ్డించమన్నాడు. ఆడపడుచు వంతు కూడా అతని కంచంలోకే పోయింది. చెయ్యి కడుక్కుని బస్సు తీసుకెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గరిటమ్మ నిన్నటి రాబడితో బియ్యం తెప్పించి ఎసరు పెట్టింది. బస్సు వేళకి పాతసామాన్లవాడు రానే వచ్చాడు. గోడవారనున్న పెద్ద గుండిగ చెవి పట్టుకుని ఎత్తబోయాడు. రెండో చెవి ఆమె పట్టుకుంది.

"కాసేపు ఆగవయ్యా."

"ఎంతసేపు వదినా?" అంది ఆడపడుచు, నీరసంగా.

అప్పుడు వినబడింది పైమలుపులోంచి. బుడగ హారన్ కాదు, బస్సుకి కొత్తగా బిగించినది, గరగరమంటూ. పొడుగ్గా ఒకటి. పొడుగ్గా ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు. గరిటమ్మ గుండిగ చెవి వదల్లేదు.

చివర ఒక పొట్టి కూత.

కళ్ళు తుడుచుకోడానికి కూడా ఆగలేదామె.

"గుండిగ దించు," అంది. "ఇరవై ఒక్కరికి బియ్యం పోయాలి."