మంచం కింది నిండు బండ

"ఇదే ఆఖరి బండేమో. ఆ తరవాత ఏం చేసుకుంటానో ఏమో."

బండ తెచ్చిన కుర్రాడు నన్ను భుజం మీంచి దింపకముందే ఇంటావిడ నాగరత్నం అన్న మాట ఇది. నేను ఒక గ్యాస్ బండను. ఎరుపు రంగు పెచ్చులూడి, అడుగు సొట్టలు పడి, చాలా వంటిళ్ళు చూసినదాన్ని. ఇనుప రేకు వంచి, అతికి, పగులుతానేమోనని పరీక్ష పెట్టి మరీ బయటికి వదిలారు. అప్పటినుంచి నాకు సొంతిల్లంటూ లేదు. ఒకరింట్లో ఖాళీ అవుతాను, మళ్ళీ నిండి మరొకరింటికి పోతాను. అయిపోవచ్చానంటే కుదుపుతారు, తడతారు, వేడినీళ్ళ బేసిన్‌లో నిలబెట్టి ఆఖరి ఊపిరి కూడా లాక్కుంటారు. నిండుగా ఉన్నప్పుడు ఒక్కరూ పలకరించరు.

ఒకప్పుడు ఈ సామర్లకోట వీధిలో రెండు మూడిళ్ళకే వచ్చేదాన్ని. ఇప్పుడు గ్యాసు లేని గుమ్మం లేదు. ఆటోలు కూడా దానిమీదే నడుస్తున్నాయి. వాడకమేమో ఇక్కడ పెరుగుతోంది, సరుకేమో సముద్రాలు దాటి రావాలి. ఈ వేసవిలో ఎక్కడో యుద్ధమొచ్చి ఓడలు ఆగాయి. ఆ దేశం పేరు పలకడం రానివాళ్ళకి కూడా ఆ కబురు పొయ్యి దగ్గరే తెలిసింది.

నాగరత్నం కూతురు సంధ్య పురిటికి వచ్చి ఉంది. అందుకే పొయ్యికి ఒక బండ తగిలించి ఉండగానే నన్ను మంచం కిందికి తోసి పాత చీర కప్పింది. నేను కారిపోతానని ఒక భయం, ఎవరో ఎత్తుకుపోతారని ఇంకో భయం. ఆవిడ మాటిమాటికీ వంగి నన్ను తడుముతుంటే నాకే నీరసం వచ్చేది.

పక్కవాటా వీరలక్ష్మి తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్ముకుని బతుకుతుంది. బండ రాక కొన్నాళ్ళుగా పొయ్యి వెలగలేదు. కట్టెలు పెడితే గోడలు నల్లబడతాయని ఇల్లుగలవాళ్ళు ఒప్పుకోరు. నిన్న సాయంత్రానికి తప్పక వస్తుందని ఏజెన్సీవాళ్ళు చెబితే నమ్మి పిండి రుబ్బుకుంది. బండ రాలేదు. ఇవాళ పొద్దున్నే పిండిగిన్నెతో వచ్చి నిలబడింది.

"అక్కయ్యగారూ, ఆ మంచం కింద ఏటండి?"

"పాత చీరలమ్మా."

"చీరలకి కూడా సీలేస్తున్నారాండి ఈమధ్య?"

కప్పిన చీర జారి నా మెడ బయటపడింది మరి. సంధ్య కిసుక్కున నవ్వింది.

"నవ్వకే, నొప్పులొస్తాయి," అంది తల్లి.

వీరలక్ష్మి గిన్నె మూత తీసింది. పిండి అంచుదాకా పొంగి ఉంది.

"ఇంకాసేపుంటే పులిసిపోద్దండి. ఈ పూట కూడా బండి పెట్టకపోతే నా గిరాకీ ఇంకోళ్ళకి అలవాటు పడిపోద్ది. అదిప్పించండి. నాది రాగానే మీకే దింపిస్తాను."

"నీది రాకపోతే?"

నాగరత్నం కూతురి పొట్ట వంక చూసి, నా వంక చూసి, తలొంచుకుంది. ఇద్దరి అవసరమూ నిజమే. నిండుగా ఉన్నది నేనొక్కదాన్నే. గిన్నెలో బుడగలు ఒక్కొక్కటే పగులుతున్నాయి. చివరికి వీరలక్ష్మి మూత పెట్టేసి గుమ్మం వైపు తిరిగింది.

"బండ ఇవ్వను," అంది నాగరత్నం. "నీ ఇడ్లీపాత్ర తెచ్చి నా పొయ్యిమీదే పెట్టుకో. మూత అక్కర్లేదు. మూతకి బదులు దానిమీద సంధ్య స్నానానికి నీళ్ళ గిన్నె పెడతాను, ఒకే మంటకి రెండూ అయిపోతాయి."