ఊరి సెలవు

నేను ఎక్కడిదాన్నో రుజువు చేసుకోవడానికి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు ఇచ్చారు. ఇచ్చినావిడ పేరు పెరాన్ మేడమ్. మా ఆసుపత్రి ఆఫీసులో సెలవుల బల్ల దగ్గర కూర్చుంటుంది. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే కనీసం నోరారా తిట్టుకునేదాన్ని.

పారిస్ పక్కన సార్సెల్‌లో ఉంటూ ముప్పై ఒక్కేళ్లుగా వార్డులో ఆయా పని చేస్తున్నాను. ముసలివాళ్లకు ఒళ్లు తుడవడం, పక్కలు మార్చడం, వాళ్ల పిల్లల మీద చాడీలు వినడం. నాలా కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి దీవి గ్వాడెలూప్ నుంచి వచ్చి ప్రభుత్వ కొలువుల్లో చేరినవాళ్లను రెండేళ్లకోసారి నెల సెలవూ విమానం టికెట్టూ ఇచ్చి దీవికి పంపుతారు. మాలో మేం దాన్ని ఊరి సెలవు అనుకుంటాం. వార్డులో మిగతావాళ్లు మాత్రం "నీకేంటమ్మా ఎర్మీన్, కొబ్బరిచెట్ల కింద నెల రోజులు" అని మూతి తిప్పుతారు. కొబ్బరిచెట్టు కింద కాళ్లు చాపే యోగం నాకెన్నడూ పట్టలేదు. వెళ్లినప్పుడల్లా అమ్మ ఇంటికి రంగు వెయ్యడం, అమ్మ చేత మాటలు పడటం, ఏడుస్తూ విమానం ఎక్కడం. అదే నా విహారం.

అమ్మ 2020 ఏప్రిల్‌లో పోయింది. ఆ వేసవికి టికెట్టు నా చేతిలోనే ఉంది, కరోనా వల్ల విమానాలే లేవు. అంత్యక్రియలు అన్నయ్య గుస్తావ్ చూపిస్తే ఫోన్లో చూశాను. ఆరుగురు మనుషులు, వంకరగా ఒక శవపేటిక. విమానాలు మళ్లీ మొదలయ్యాక మా అమ్మాయి పురుడు వచ్చింది. ఆ తర్వాత వచ్చింది మాత్రం సిగ్గు. అమ్మను పూడ్చడానికి రాని కూతురు ఏ ముఖం పెట్టుకుని ఊళ్లో దిగుతుంది?

ఈ జనవరిలో గుస్తావ్ ఫోన్ చేశాడు.

"ఏమే, బతికే ఉన్నావా?"

"ఉన్నాను అన్నయ్యా. కాలెలా ఉంది?"

"తీసేస్తారట. ఆగస్టులో. ఈ షుగరుకి మోకాలి దాకా బలి."

నేను ఏడుపు అందుకున్నాను.

"ఆపు. నా కాలు, ఏడవాలంటే నేనేడుస్తాను. నీకు చేసింది అందుకు కాదు. ఈసారి సమాధుల పండక్కి నేను వంగలేను. నువ్వొస్తేనే అమ్మకు దీపం. రాకపోతే లేదు."

"ఎవరినైనా పిలిచి చేయించు. డబ్బు నేను పంపుతాను."

"కూలికి కొవ్వొత్తి వెలిగిస్తారటే? ఫ్రాన్సులో ఉండి ఉండి నీకు బుర్ర గడ్డకట్టింది."

ఫోన్ పెట్టేశాడు. అన్నయ్య అన్నది నిజమే. మా ఊరు మోర్నాలోలో శ్మశానం గుట్ట మీద ఉంటుంది, సమాధులన్నీ నలుపు తెలుపు పలకలవి. నవంబరు ఒకటికి ముందు వారమంతా జనం బ్రష్షులూ బకెట్లూ పట్టుకుని తోముతారు, రంగులేస్తారు. పొద్దు వాలేసరికి గుట్టంతా కొవ్వొత్తులు. ఆ వెలుగులో ఒక్కటి చీకటిగా ఉంటే ఊరు ఊరంతా దాన్నే చూస్తుంది. ఆ ఇంటివాళ్లు అయిపోయారు పాపం, అనుకుంటుంది. మా అమ్మ అలా చీకట్లో ఉండటం నేను ఊహించుకోలేకపోయాను. ఊహించుకోకుండానూ ఉండలేకపోయాను. రోగులకు గంజి తాగిస్తున్నా అదే కనిపించేది.

నవంబరు సెలవుకు మార్చిలోనే అర్జీ పెట్టాలి. వార్డు పెద్దనర్సు ముందే చెప్పేసింది. "ఆ వారం బళ్లకు సెలవులు. చిన్నపిల్లల తల్లులకే మొదటి హక్కు. నీ ఊరి సెలవు మంజూరైతే నేను ఆపలేను. మంజూరు కాకపోతే ఒక్క రోజు కూడా ఇవ్వలేను, ఏమనుకోకు."

ఏమనుకోను? సోమవారం పెరాన్ మేడమ్ ముందు కూర్చున్నాను.

"మేడమ్, మీ నైతిక, భౌతిక ప్రయోజనాల కేంద్రం దీవిలో ఉన్నట్టు ఈ ఫైలు చూస్తే అనిపించడం లేదు."

"నా ఏ కేంద్రమండీ?"

"అంటే, మీ జీవితం ఎక్కడ ఉందీ అని. ఫ్లాటు సార్సెల్‌లో. అమ్మాయి, మనవడు లియోన్‌లో. బ్యాంకు ఇక్కడే. ఓటు కూడా ఇక్కడికే మార్చుకున్నారు."

ఓటు సంగతి వినగానే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపించింది. మా పై అంతస్తు ఆవిడ మునిసిపాలిటీకి నిలబడితే మొహమాటానికి పోయి మార్పించుకున్నాను. పదకొండు ఓట్లతో ఓడిపోయింది మహాతల్లి.

"అమ్మగారి ఇంట్లో మీ వాటా?"

"అన్నయ్యకు రాసిచ్చేశాను."

"ఎందుకు?"

"కొట్టుకోకుండా ఉండటానికి."

ఆవిడకు అర్థం కాలేదు. మా దీవిలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వాటాల కోసం పంతం పడితే ముప్పై ఏళ్లు గడిచినా ఇంటి తగవు తెగదు, కప్పు కూలి లోపల చెట్లు మొలుస్తాయి. మేం అలా కాకూడదని నేను సంతకం పెట్టాను. ఎంత పొంగిపోయానో ఆ రోజు!

"మా అమ్మ సమాధి ఉందండీ అక్కడ."

"రాశారు. చూశాను. తల్లిదండ్రుల సమాధి కూడా లెక్కలోకి వస్తుంది. కానీ మిగతా అన్నీ ఇటే మొగ్గుతున్నాయి. మీ పేరుతో, ఇవాళ్టికీ చెల్లే కాగితం ఒక్కటి తెండి. శుక్రవారం పన్నెండుకి ఫైళ్లు కట్టేస్తాం. దాటితే మళ్లీ రెండేళ్లకే."

రెండేళ్లు. అమ్మ రెండు పండుగలు చీకట్లో.

మంగళవారం బాప్తిస్మం పత్రం తీసుకెళ్లాను. "ఇది పుట్టినప్పటిది, మేడమ్." బుధవారం దీవిలోని నా పాత బ్యాంకు పాసుపుస్తకం తెచ్చాను. "ఈ ఖాతా మూసేసి పద్నాలుగేళ్లయింది, మేడమ్." పాపం, ఆవిడ ప్రతిసారీ లేచి తలుపు దాకా వచ్చేది. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండేది. గురువారం దుప్పట్ల గదిలో తలుపేసుకుని, ఇస్త్రీ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఎవరూ వెళ్లగొట్టకుండానే నా ఊళ్లోంచి నన్ను నేనే ఒక్కో సంతకంతో వెళ్లగొట్టుకున్నాను కదా అని.

అక్కడి నుంచే గుస్తావ్‌కి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా మధ్యాహ్నం కాలేదు.

"అమ్మ బిస్కెట్ల డబ్బా వెతికావా?"

"మూడుసార్లు. నీ ఐదో తరగతి మార్కులున్నాయి. పంపమంటావా? లెక్కల్లో నాలుగు."

"అన్నయ్యా, పరాచికాలకు టైము కాదు."

"రావాలనుకున్నవాళ్లు ఈదుకుంటూ అయినా వస్తారు. ఐదేళ్లుగా చూస్తున్నా, నీకెప్పుడూ ఏదో ఒక కాగితం తక్కువ."

అప్పుడు నా నోరు లేచింది. "విమానాలు ఆపింది నేనా? అమ్మను ఫోన్లో పూడ్చుకున్నానురా నేను! నువ్వు మట్టి వేశావు. నా చేతిలో ఏముంది? చార్జరు!"

అన్నయ్యను అంతకుముందెప్పుడూ ఏరా అనలేదు.

"ఒకటుంది," అన్నాడు చివరికి. "కానీ పంపను."

"ఏంటది?"

"అరిష్టం. బతికున్న మనిషి చూడకూడదు."

"నీ అరిష్టం నువ్వుంచుకో. కాగితం నాకు పంపు. దండం పెడతాను అన్నయ్యా."

పది నిమిషాలకు ఫొటో వచ్చింది. మా కుటుంబ సమాధికి ఊరి మునిసిపల్ ఆఫీసు ఇచ్చిన పత్రం అది. పోయేముందు జనవరిలో అమ్మ దాన్ని తిరగరాయించింది. నాలుగు చోట్లు, నాలుగు పేర్లు. మొదటిది నాన్న. రెండోది అమ్మ. మూడోది గుస్తావ్. నాలుగో చోటు: ఎర్మీన్, కుమార్తె. కింద అమ్మ వంకర సంతకం. దుప్పట్ల గదిలో ఫొటో పెద్దది చేసి నా పేరు మళ్లీ చదువుకున్నాను. భయం వెయ్యలేదు. అమ్మ నాకు పక్క వేసి ఉంచింది, అంతే అనిపించింది.

శుక్రవారం పదకొండూ నలభైకి ఆ కాగితం పెరాన్ మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ ఒకసారి చదివింది. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చదివింది.

"ఈ నాలుగోది… మీ చోటా?"

"అవునండి."

"మీకింకా యాభై నాలుగే కదా."

"అవునండి. ఖాళీగానే ఉంది."

ఆవిడ ముద్ర తీసి, సిరా సరిచూసి, గట్టిగా కొట్టింది. ముప్పై ఒక్కేళ్లుగా ఇక్కడ బతుకుతున్న నేను ఎంత మొత్తుకున్నా కదలని ముద్ర, రేపెప్పుడో చచ్చిపోయే నా మాట విని దిగింది. నవ్వాలో ఏడవాలో తెలియక "మెర్సీ మేడమ్" అని థాంక్స్ చెప్పి బయటికొచ్చాను.

మెట్ల మీదే ఫోన్ చేశాను. అక్కడప్పుడే తెల్లారుతోంది. పొద్దున్నే లేచే మనిషి, మొదటి రింగుకే ఎత్తాడు.

"అన్నయ్యా, వస్తున్నాను. అక్టోబరు ఇరవైకి."

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"నిన్న చెప్పలేదు," అన్నాడు. "ఆ కాగితం రాయించేటప్పుడు అమ్మ ఒకటే మాటంది. పిల్ల ఆ చలిలో ఒక్కతే పడి ఉండకూడదు అని."

నేను మెట్టు మీదే కూర్చున్నాను. పక్కనుంచి ఎవరో డాక్టరు దాటుకుంటూ వెళ్లాడు.

"ఇంకో సంగతి," అన్నాడు గుస్తావ్, గొంతు మళ్లీ మామూలుగా పెట్టుకుని. "ఐదేళ్లుగా వాళ్లిద్దరి పలకలతో పాటు నీ ఖాళీ పలక కూడా నేనే తోముతున్నా. వీపు విరిగిపోయింది. వచ్చేటప్పుడు మంచి బ్రష్షు తెచ్చుకో."