ఓడదు

“నీ చెయ్యి ఇట్ల సాపు మే, సూస్తాను,” అన్నాడు గోవిందరాజ్.

విరుదునగర్‌లో కొత్తగా తెరిచిన ఆ గడియారాల షోరూములో, ఏసీ చలికి కొంగు కప్పుకుని కూర్చున్న కర్పగానికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. నాకా, అనుకుంది. కాదు. తన చేతికి కట్టుకుంటే అది ఎదుటివాళ్ళకు ఎలా కనిపిస్తుందో తనకు తెలియదు గనక, పెళ్ళాం చేతికి కట్టి దూరం నుంచి చూసుకోవాలని ఆయన ముచ్చట. బట్టల కొట్లో బొమ్మకైనా ఒక మర్యాద ఉంటుంది, దాన్ని చెయ్యి చాపమని ఎవరూ అరవరు.

లోపలికి వచ్చేటప్పుడే ఒక భాగోతం అయింది. అద్దాల తలుపు, నున్నటి నేల చూసి కర్పగం చెప్పులు బయటే విడిచింది. “మానం తీస్తావు మే, ఇదేమన్నా కోవెలా?” అని ఆయన పళ్ళు కొరికాడు. వెనక్కి పోయి తొడుక్కురావడం ఇంకా సిగ్గని వట్టి కాళ్ళతోనే కూర్చుంది.

గడియారం స్విట్జర్లాండుది. బ్యాటరీ లేదట, లోపల అంతా స్ప్రింగూ పళ్ళ చక్రాలే. క్రోనోగ్రాఫ్ అంటారట. ముఖంలో చిన్న చిన్న గుండ్రాలు, పక్కన తాళం తిప్పే మరకు పైనొక బొత్తాం, కిందొక బొత్తాం. సున్నపురాయి లారీలు తోలించే మనిషికి ఇన్ని బొత్తాలు దేనికో ఆ పెరుమాళ్ళకే తెలియాలి. అమ్మేవాడు శంకరలింగం తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, బిడ్డకు నీళ్ళు పోసేటంత భద్రంగా దాన్ని ఆమె మణికట్టుకు కట్టాడు.

పెద్ద ముల్లు పన్నెండు మీద బిగుసుకుని ఉంది. “ఎన్నప్పా, ఓడలే?” అని గోవిందరాజ్ తమిళంలో అడిగాడు, నడవడం లేదేమని.

“ఓడుదు సార్!” అన్నాడు శంకరలింగం. ఓరన చిన్న ముల్లు ఎప్పుడూ ఓడుతూనే ఉంటుందనీ, పెద్దది స్టాప్‌వాచీ గనక బొత్తాం నొక్కితేనే ఓడుతుందనీ తమిళంలోనే విడమరిచి చెప్పాడు.

ఓడుదు. ఇంటి తెలుగు చెవితో వింటే ఓడిపోవడం, వీధి తమిళ చెవితో వింటే పరుగెత్తడం. ఈ మాట దగ్గర కాలు జారని ఇల్లు మా వైపు లేదు. కర్పగం బడిలో చదివే రోజుల్లో, కోవిల్‌పట్టి మైదానంలో టీచరు “ఓడు కర్పగం, ఓడు!” అని కేకలు వేస్తూ ఉంటే, మనవరాలిని చూద్దామని వచ్చిన అవ్వ లక్ష్మియమ్మాళ్ విని మండిపడింది. “సదువు సెప్పే దానివి, బిడ్డను పట్టుకుని ఓడు ఓడు అంటావా? నీ నోరు పడ! మా పిల్ల ఓడదు!” అని మైదానం నడుమ నిలబడి అరిచింది. టీచరుకు తెలుగు రాదు. మా పిల్ల పరుగెత్తదు అంటోంది కాబోలనుకుని పందెంలోంచి పేరు కొట్టేసింది. కర్పగం ఏడ్చి మొత్తుకుని, రెండు భాషల నడుమ తానే వకీలై, పేరు మళ్ళీ ఎక్కించుకుంది. గెలిచింది కూడా. ఆ గెలుపే ఆమెను చివరికి అదే ఊళ్ళో పీటీ టీచరును చేసింది.

ఆ అవ్వ చిన్న కొడుకే గోవిందరాజ్. మేనమామ ఉండగా పిల్లను బయట ఎందుకిస్తారు? అవ్వే అత్త అయింది. ఇప్పుడు అవ్వ తుంటి ఎముక విరిగి మంచాన పడింది. తెల్లవారకముందే ఆమెను ఒత్తిగిలించి, ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, గంజి తాగించి, మొగుడికి కాఫీ, టిఫిను అమర్చి, ఎట్టయాపురం నుంచి కోవిల్‌పట్టికి పోయే బస్సు కోసం రేగడి దారిలో పరుగు. బడి. మళ్ళీ పరుగు. పనిమనిషిని పెడదామంటే, “అమ్మను పరాయి సెయ్యి తాకకూడదు” అంటాడు. సొంత చెయ్యేమో గది గుమ్మం దాటదు, “మొగోణ్ణి, నేనెట్ల సేసేది?” అంటాడు. “నా తల్లి మట్టుమా మే? నీ అవ్వ కూడా కదా” అంటాడు. నిజమే. అవ్వంటే ప్రాణం కాబట్టే ఆ బరువంతా ఒక్క వీపు మీదికే వచ్చింది. మొన్న తీర్పు కూడా చెప్పేశాడు: “విజిలు ఊదేదానికి ఒక ఉద్యోగమా? ఎవురైనా ఊదతారు. సోమవారం పోయి, ఇంక రానని సెప్పేసి రా.” ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, మగవాళ్ళ లెక్కలో అది పూర్తి అంగీకారమే.

గడియారం బరువుగా, చల్లగా ఉంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, బాగుంది. కుడిచేతి బొటనవేలు తనంతట తానే పై బొత్తాం మీదికి పోయింది. టిక్. పెద్ద ముల్లు కదిలి, సున్నం గీతల నడుమ పరుగెత్తే పిల్లలా చుట్టు తిరగసాగింది. ముత్తుప్పేచ్చి గుర్తొచ్చింది. అగ్గిపెట్టెల కార్ఖానాలో పనిచేసే తల్లి కూతురు, వట్టి కాళ్ళతో పరుగెత్తే పిల్ల. పరుగు ముగించి ఒగరుస్తూ, “టీచర్, ఎవ్వళవు?” అని అడుగుతుంది, ఎంతలో వచ్చానని. సోమవారం తర్వాత ఆ పిల్ల ఎవరిని అడుగుతుంది?

“మేడమ్ బాగా అలవాటున్నట్టు నొక్కారే! ఏం చేస్తుంటారు సార్?” అన్నాడు శంకరలింగం తమిళంలో. అడిగింది కూడా ఆయన్నే.

“సుమ్మా వీట్ల ఇరుక్కా,” అన్నాడు గోవిందరాజ్, ఆమె మణికట్టు మీది నుంచి చూపు తిప్పకుండానే. ఊరికే ఇంట్లో ఉంది.

కర్పగానికి ఒళ్ళు భగ్గుమంది. సోమవారం ఇంకా రానే లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగాన్ని నోటితోనే తుడిచేశాడు. పోనీ, బడి మానేశాకైనా ఆ మంచం పక్కన తాను ఉండేది ఊరికేనా? ఎత్తడం, కడగడం, ఉతకడం, వండడం, అన్నీ కలిపి ఆ మనిషి పెట్టిన పేరు సుమ్మా! కన్నీళ్ళు వస్తాయేమోనని గడియారం వైపు చూసింది. పెద్ద ముల్లు దర్జాగా తిరుగుతోంది. ఓరన చిన్న ముల్లు, ఎవరు నొక్కినా నొక్కకపోయినా, దాని పాటికది తిరుగుతూనే ఉంది.

పై బొత్తాం నొక్కి ఆపింది. కింది బొత్తాం నొక్కితే పెద్ద ముల్లు ఎగిరి పన్నెండు మీద పడింది. గడియారం విప్పి మఖమల్ పళ్ళెంలో పెట్టింది.

“నాన్ పీటీ టీచర్. కోవిల్‌పట్టిల,” అంది శంకరలింగంతో.

తర్వాత మొగుడి వైపు తిరిగి, ఇంటి మాటలో, తొణక్కుండా చెప్పింది: “సోమవారం నేను బడికి పోతా మామా. పొద్దున అవ్వ పని మీరు సూడండి, సాయంకాలం నేను సూస్తా. ఆ ఇంట్లో ఇంక నేను ఓడను.”

శంకరలింగానికి తెలుగు రాదు. పరుగని అర్థమైన ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె వట్టి కాళ్ళ వైపు వింతగా చూశాడు. గోవిందరాజ్‌కు రెండు భాషలూ వచ్చు. అదే చిక్కయింది.

తలుపు దాకా వెంటపడి వచ్చాడు. “ఓడనంటే ఏంది మే? మన ఓడేదా, వాళ్ళ ఓడేదా?”

కర్పగం అద్దాల తలుపు బయట నిదానంగా చెప్పులు తొడుక్కుంది.

“రెండూ,” అంది.