ట్రైలర్ ముక్కు కింద గొలుసులు

రెండు రోజులని చెప్పి తీసుకెళ్లిన పడవను మరిది పదో రోజున ట్రైలర్‌తో సహా తన జీపుతో లాక్కొచ్చి టైర్ల షాపు ముందు ఆపాడు. షాపూ పడవా వదినవే. దగ్గరికి వెళ్లగానే గుప్పున కంపు కొట్టింది. పడవ అడుగున కుళ్లిన ఎరలు, ఎండిన చేప పొలుసులు, ఎవరో నమిలి ఉమ్మిన మరకలు. ముందుకు వచ్చి చూస్తే ఇంకా రోత. ట్రైలర్ ముక్కు నుంచి జీపుకి తగిలించాల్సిన రెండు గొలుసుల్లో ఒకదాన్ని బంపర్‌కి తీగతో చుట్టాడు. రెండోది దారి పొడుగునా నేలకి రాసుకుంటూ వచ్చి, కొస లింకులు అరిగి రేకుల్లా అయ్యాయి.

"ఇదేం కట్టడమయ్యా? గేదెనైనా ఇంతకంటే జాగ్రత్తగా కడతారు."

"గొలుసులు ఊరికే పోలీసులకి చూపించడానికేగా వదినా! కాస్త కడిగివ్వు, మళ్లీ తీసుకెళ్లాలి. మా వాళ్లు రిజర్వాయర్ దగ్గర కాచుకుని ఉన్నారు."

ఆమెకు ఒళ్లు మండింది. అయినా ఆ గొలుసులతో బండిని రోడ్డెక్కనివ్వలేకపోయింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని పడవ కడిగింది. కొత్త గొలుసులు బిగించి, ఎడమదాన్ని కుడివైపుకి, కుడిదాన్ని ఎడమవైపుకి, ట్రైలర్ ముక్కు కింద కత్తెరలా దాటించి జీపు చట్రానికున్న రంధ్రాల్లో తగిలించింది. మలుపుల్లో పట్టెయ్యకుండా కాస్త వదులు ఉంచింది, నేలకి మాత్రం తగలనివ్వలేదు.

"జడ అల్లుతున్నావా వదినా?"

"ముక్కు ఊడితే రోడ్డులో గుచ్చుకోకుండా ఈ ఊయల్లో పడుతుంది. ఇంతకీ జీపు వెనక ముక్కు కూర్చునే ఆ ఇనుప బంతి కొత్తదిలా ఉందే, సైజు సరిపోయిందా?"

"అచ్చుగుద్దినట్టు. నేనే కొలిచా."

ఒకసారి విప్పి చూస్తానంటే, ఆలస్యమైపోతోందంటూ జీపు స్టార్ట్ చేశాడు. ఆమె తిట్టుకుంటూ పక్క సీట్లోకి ఎక్కింది.

వంతెన దిగుతుండగా వెనక దబ్బుమని చప్పుడైంది.

"బ్రేకు ఒక్కసారిగా తొక్కకు! మెల్లగా పక్కకి తియ్యి!"

దిగి చూస్తే, బంతి మీంచి ఊడిన ముక్కు గొలుసుల మీద వాలి, నేలకి జానెడెత్తున వేలాడుతోంది. వెనకే స్కూటర్ మీద వస్తున్న పెద్దావిడ కంగారులో మట్టిలోకి తిప్పి పడిపోయింది. వదిన పరుగెత్తి లేవదీసింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ ఆవిడ ఇక స్కూటర్ నడపలేనంది.

మరిది ఇటు తిరిగి చూడనైనా లేదు. పడవ చుట్టూ అరచేత్తో తడిమి, ముఖం చేటంత చేసుకున్నాడు.

"నీ పడవకి ఒక్క గీత పడలేదు వదినా!"

ఆ వెంటనే ఫోన్ తీశాడు. "ఏం కాలేదురా, గొలుసులు అడ్డంగా దాటించి వేశాలే. మన పని అంటే మాటలా?"

వదిన బంతిని వేళ్లతో కొలిచింది. ఉండాల్సినదానికన్నా చిన్నది.

"దొరికింది అదే..." అని నసిగాడు. ఆ నోటివైపు చూడబుద్ధి కాలేదామెకు.

భర్తకి ఫోన్ చేసి షాపు వ్యాను రప్పించింది. వ్యానుకున్న సరైన బంతికి ట్రైలర్ తగిలించి, గొలుసులు మళ్లీ తన చేత్తోనే దాటించింది. స్కూటర్‌ని పడవలోకి ఎక్కించి, పెద్దావిడను ముందు సీట్లో కూర్చోబెట్టింది.

"మరి మా వాళ్లకి ఏం చెప్పను వదినా?" అన్నాడు మరిది.

ఇక ఇంటికి రావద్దని అతనితో చెప్పాలన్నా ఆమెకు అసహ్యమేసింది. పెద్దావిడ ఇల్లెక్కడో అడిగి, భర్తను అటు పోనిమ్మంది.