గ్లాసు తర్వాత కన్నీళ్లు

షాట్ల పేర్లు నాకు నేర్పినవాడు ఉమామహేశ్వర్. మంథని పంతులు కొడుకు. మద్రాసులో సినిమా చదువు చదివాడు. తాగుడు మాన్పించే సంఘం ఒకటి అతనిచేత చిన్న సినిమా తీయించింది. దానికోసం డెబ్బై రెండు చలికాలంలో గోదావరిఖనికి, మా బస్తీకి కెమెరా మోసుకొచ్చాడు. నేను టాకీసులో ఆపరేటర్‌ను గనుక నాకు విప్పి చెప్పేవాడు. బస్తీ అంతా కనబడితే లాంగ్ షాట్. నడుము దాకా మనిషి కనబడితే మిడ్ షాట్. తెరంతా ముఖమే అయితే క్లోజప్.

లాంగ్ షాట్‌లో పొద్దుటి పొగ తీశాడు. ఇంటింటి ముందు బొగ్గుల పొయ్యి రాజేస్తే లేచే పొగ. తర్వాత నల్లా దగ్గర బిందెలు. నేను గ్లాసుతో నీళ్లు తాగుతుంటే మిడ్ షాట్. నా భార్య సారవ్వ పొయ్యి ఊదుతుంటే క్లోజప్. పొగకు ఆమె కళ్లు ధారలు కట్టాయి.

"ఓ పంతులూ, గా డబ్బా పక్కకు పెట్టి జర పొయ్యి ఊదరాదు!" అని సారవ్వ పకపక నవ్వింది. ఆ నవ్వు కూడా కెమెరాలోకి పోయింది. మిషన్ తిరగడం నేను విన్నాను.

వానాకాలం జ్వరంలో సారవ్వ పోయింది. మేము ఒక్క ఫోటో కూడా దిగి ఉండలేదు.

మరుసటి ఎండాకాలం రీలు వచ్చింది. మాటల్లేని బొమ్మ. మ్యాట్నీకి ముందు నేను ఆడించాలి, ఉమామహేశ్వర్ తెర పక్కన నిలబడి కాగితం చూసి మైకులో చదవాలి. పొగ వచ్చింది. నల్లా వచ్చింది. తర్వాత సారా దుకాణం. దాని తర్వాత నా గ్లాసు. గ్లాసు తర్వాత సారవ్వ కన్నీళ్లు.

"తాగుబోతు ఇల్లాలి బతుకు చూడండి," అన్నాడు మైకులో.

హాలంతా అయ్యో అంది. నేను చుక్క ముట్టినవాణ్ని కాను. నవ్వు కోసం చూశాను. లేదు.

ఆట విడిచాక సారవ్వ తమ్ముడు ఆగయ్య మెట్లెక్కి నా గదికి వచ్చాడు. బొగ్గుబాయిలో పని చేస్తాడు.

"ఏంది బావా, మా అక్కను గిట్ల ఏడిపిచ్చినవా?"

"పొయ్యి పొగ రా అది."

"మరి గ్లాసు?"

"నీళ్లు."

"నీళ్లు తాగితే ఎవలన్న సినిమా తీస్తరా?"

దిగిపోయాడు. ఏళ్లకేళ్లు సారవ్వ చేతి కూడు తిన్నవాడు. రెండు ముక్కల మధ్య అతుకును నమ్మాడు, నన్ను నమ్మలేదు.

ఉమామహేశ్వర్‌ను పట్టుకున్నాను. "సార్, ఆమె నవ్వు ఏది?"

"తీసేశాం. నవ్వితే తాగుడు ఎవడు మానుతాడు? అయినా అబద్ధమేముంది ఎల్లేశం? కన్నీళ్లు నిజమే, గ్లాసూ నిజమే."

"పక్కపక్కన పెట్టింది ఎవలు?"

"దాన్నే ఎడిటింగ్ అంటారు. నాలుగిళ్లు బాగుపడతాయంటే నీ పేరు పోతే ఏం?"

"నా పేరు పోనియ్యి సార్. ఆమె తాగుబోతు పెండ్లాం గాదు."

మర్నాడు రీలును బల్ల మీద పెట్టాను. తెగిన ఫిల్మ్ అతకడం ఆపరేటర్‌కు మామూలు పనే. కత్తెరతో కోసి, అంచు బ్లేడుతో గీకి, సిమెంటు అనే ఫిల్మ్ జిగురు రాసి నొక్కాలి. సారవ్వ ముఖాన్ని పొగ తర్వాత అతికాను. నా గ్లాసును నల్లా తర్వాత అతికాను. ఏ ముక్కా పారేయలేదు.

ఆ రోజు మ్యాట్నీకి ముందు రీలు ఎక్కించాను. ఉమామహేశ్వర్ తెరకు వీపు పెట్టి కాగితం చదువుతున్నాడు. పొగ రాగానే సారవ్వ వచ్చింది.

"అవ్వో, నా కండ్లు సుత పొద్దుగాల గట్లనే కారుతయి!" అని ఆడవాళ్ల బెంచీలో ఎవరో అరిచారు.

నల్లా కింద బిందె నిండింది. నా గ్లాసు వచ్చింది.

"చూడండి, సారా గొంతు దిగుతోంది," అన్నాడు మైకులో.

"సారా నల్లాల వస్తుందా సారూ? మా క్వార్టర్ల లైన్ల సుత ఒకటి పెట్టియ్యరాదు!" అని మగవాళ్ల బెంచీలోంచి ఎవడో కేకేశాడు.

హాలు పగలబడి నవ్వింది. ఉమామహేశ్వర్ మెట్ల మీద పరుగెత్తుకొచ్చాడు.

"ముందున్నట్టు పెట్టు. లేకపోతే ఓనర్‌కు చెప్తాను."

"చెప్పుకో. ఆమె నవ్వు తెచ్చియ్యి, అప్పుడు చూద్దాం."

"అది ఎప్పుడో చెత్తలో పడింది."

"అయితే నా మిషన్ మీద గిట్లనే ఆడుతది."

రీలు డబ్బాలో వేసుకొని పోయాడు. సారవ్వ ముఖం కూడా దాంతోనే పోయింది. పోనీ. చూడాల్సినవాళ్లు చూశారు.

ఆట చూసిన ఆగయ్య నా గది గడప దగ్గర నిలబడి ఉన్నాడు. "బావా, నాకు తెల్వకపాయె. కిందికి రా, చాయ్ తాగుదాం."

"నువ్వు తాగు. నా చేతుల మల్ల గ్లాసు కనబడుతది," అని తలుపు వేసుకున్నాను.