జానెడు నీళ్ళు తక్కువ

మా ఇంటిని సముద్రం మీద లాగుతున్నప్పుడు లోపలే కూర్చుంటానని పట్టుబట్టింది నేనే. అప్పటికి పెళ్ళయి పందొమ్మిది రోజులు. సొంత ఇంటి కిటికీ దగ్గర కూర్చుని, ఊరు వెనక్కి జరిగిపోతుంటే చూసే అదృష్టం ఎంతమంది కొత్త పెళ్ళికూతుళ్ళకు దక్కుతుంది? నా భర్త ఎలియెసెర్ వద్దన్నాడు. తాళ్ళు చూసుకోవడానికి లోపల ఒక మనిషి ఎలాగూ ఉండాలి కదా అన్నాను. ఆ మనిషి తనే అయ్యాడు. నేను తోకలా వెంట ఎక్కాను.

ఆ ఇల్లు వాళ్ళ తాత కట్టింది. సైప్రస్ దూలాలు, చెక్క చీలలు. ఒక్క ఇనుప మేకు లేదు. అందుకే లాగితే మూలుగుతుంది గానీ విరగదు. గోడలకు చేప పొలుసుల్లా చెక్క పెంకులు. పెళ్ళికి ముందు ఎలియెసెర్ పై గదికి ఉత్తరం వైపు నాకోసం గాజు వరండా కట్టాడు, భూమికి దక్షిణాన ఉన్న మా దీవులకు ఎండ అటే కాబట్టి. పద్దెనిమిది అద్దాలు, ఒక్కోటీ ఒక్కో పాత కిటికీలోంచి అడిగి తెచ్చింది. ఏ రెండూ ఒక రంగులో ఉండవు.

కాలువకు అవతల లిన్‌కాయ్ రేవులో మాకు నేల దొరికింది. అక్కడికి రోడ్డు లేదు, కరెంటు తీగ లేదు. వాగు నుంచి ఒక గొట్టం, కప్పు మీద ఒక సోలార్ పలక, కట్టెల పొయ్యి. రెండు దీపాలు వెలుగుతాయని ఎలియెసెర్ చెప్పిన రోజు నుంచి రెండో దీపం ఎక్కడ పెట్టాలా అని మూడు రోజులు ఆలోచించాను.

ఇల్లు లాగుడుకు నియమం ఒకటే. లోపల చెంచా కూడా మిగలకూడదు. మా దీవుల్లో ఎన్నో ఇళ్ళను నీళ్ళ మీద నడిపించిన ముసలాయన దోన్ బార్తోలో ముందురోజు వచ్చి అడిగాడు.

"ఖాళీయేనా అబ్బాయ్?"

"ఖాళీయే దోన్ బార్తోలో. కావాలంటే అరిచి చూడండి, ప్రతిధ్వని వస్తుంది," అన్నాడు ఎలియెసెర్.

ఆ మాట మీదే ఆయన, ఇల్లు తేలడానికి చుట్టూ ఎన్ని ఖాళీ డ్రమ్ములు కట్టాలో తేల్చాడు.

ఇల్లు ఖాళీగా లేదు. పై గది నేల పలకల కింద తొమ్మిది బస్తాల విత్తనపు బంగాళాదుంపలున్నాయి. ఊదావి, నల్లవి, వేలంత పొడుగువి, పిల్లి గోళ్ళలా వంకరవి. మా అత్తగారు ఎదుల్మిరా ఇచ్చినవి. విత్తనం ఇంటి కప్పు కిందే ప్రయాణం చేయాలి, పడవలో వెళ్తే మొలకెత్తదు అని ఆవిడ నమ్మకం.

"వాడికి చెప్పకే పిల్లా," అన్నారు. "మగాళ్ళకు బరువు కనపడుతుంది గానీ విత్తనం కనపడదు."

అంతకుముందు ఎలియెసెర్ డ్రమ్ములు పోగుచేయడానికి వెళ్ళిన రెండు సాయంత్రాలూ మేమిద్దరం దొంగల్లా బస్తాలు మోశాం. నాకెంత సంతోషమో! అత్తగారితో నాకు మొదటి రహస్యం.

సెప్టెంబరు పోటు మాకు ఏడాదిలో పెద్ద పోటు. మధ్యాహ్నం ఒంటిగంటకు మూడు మరబోట్లు ఇంటిని ఒడ్డు నుంచి నీళ్ళలోకి లాగాయి. అలలు లోపలికి రాకుండా తలుపుకీ కింది కిటికీలకీ బయటి నుంచి పలకలు కొట్టేశారు. పై గదిలో మేమిద్దరమే. ఒడ్డున జనం కేకలు. నేను రాణీగారిలా చెయ్యి ఊపాను.

కాలువ మధ్యకు వచ్చాక కింద ఏదో రాసుకున్న చప్పుడు. ఇల్లు పెద్దగా మూలిగి ఆగిపోయింది. తాళ్ళు బిగిశాయి. ఒకటి తెగింది. ఎలియెసెర్ నేలకు చెవి ఆనించి విన్నాడు.

"దిబ్బ ఎక్కాం," అన్నాడు.

అప్పటికే ఆటు మొదలైంది. ఆగితే బోట్లు కూడా చిక్కుకుంటాయి. అవి దూరం జరిగాయి. మొదటి గంట నాకు సరదాగానే ఉంది. సాయంత్రానికి నీళ్ళన్నీ వెనక్కి పోయి చుట్టూ బురద మిగిలింది, తొడల దాకా దిగబడే బురద. కింద తలుపు లేదు, ఉన్నది పలకల గోడ. పైన వరండా కిటికీ ఉంది గానీ దిగితే ఎక్కడికి? నాలుగు అంగల గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచాను. కాలు పెట్టిన ప్రతి పలక కిందా దుంపలే.

మిగిలిన సన్నటి కాలువలోంచి బోటు మీద దోన్ బార్తోలో అరిచాడు.

"ఒరే! రేపటి పోటు ఇవాళ్టి కన్నా జానెడు తక్కువ. ఆ జానెడు బరువు దించకపోతే ఇల్లు లేవదు. తర్వాతి పెద్ద పోటు దాకా ఈ గాలిలో నిలబడదు కూడా!"

"దించడానికి ఏముంది తాతా? ఖాళీ ఇల్లు!"

"ఆ గాజు వరండా ఉందిగా! పెళ్ళాం మీద ప్రేమ ఎంత బరువుంటుందో నాకు తెలీలేదు. అదే ముంచింది మనల్ని. కోసెయ్!"

ఎలియెసెర్ నా వైపు చూడలేదు. చీకట్లో వచ్చిన పోటుకు దిబ్బ దగ్గరకు ఎవరూ బోటు తీసుకురారు. రాత్రంతా నీళ్ళు కింది గదిలోకి వచ్చి, మా కాళ్ళ కింద తిరిగి, వెళ్ళిపోయాయి. ఇల్లు వణికిందే గానీ లేవలేదు. దుంపల సంగతి చెప్పాలా వద్దా? చెబితే అత్తగారికిచ్చిన మాట పోతుంది. ఊరంతటి ముందు ఎలియెసెర్ మాట పోతుంది. చెప్పకపోతే ఇల్లే పోతుంది.

తెల్లారాక తను రంపం తీశాడు. మొదటి అద్దాన్ని చట్రం నుంచి జాగ్రత్తగా విడదీసి, చొక్కాలో చుట్టి పక్కన పెట్టాడు. రెండో దాని మీద చెయ్యి వేశాడు.

"ఆగు," అన్నాను. "ఖాళీ కాదు."

"ఏంటి?"

"ఇల్లు. ఖాళీ కాదు. నీ కాళ్ళ కింద తొమ్మిది బస్తాల దుంపలున్నాయి."

తను కిందికి చూశాడు. రంపం కొనతో ఒక పలక లేపాడు. ఊదా రంగు దుంప ఒకటి మొలకతో సహా పైకి చూస్తోంది.

"తొమ్మిదా?"

"తొమ్మిది."

"రాత్రంతా వీటి మీదే పడుకున్నామా?"

నేను తలూపాను. తను తిడితే బాగుండేది. పలకలు లేపడం మొదలుపెట్టాడు.

ఉదయపు ఆటుకు గుల్లలు ఏరే ఆడవాళ్ళు బురద మీద చెక్కలు పరుచుకుంటూ వచ్చారు. ఎలియెసెర్ కిటికీలోంచి తాడుకు కట్టి మొదటి బస్తా దించాడు. బోటు మీద దోన్ బార్తోలో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏంట్రా అది? నీ ప్రతిధ్వనా?"

ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఎలియెసెర్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే దాచాను తాతా. తనకి తెలీదు," అని అరిచాను.

గుంపులో వెనక నిలబడ్డ అత్తగారు చెక్కల మీద ముందుకు వచ్చారు. గౌను అంచు ఎత్తి నడుముకు దోపుకుని, బస్తాను రెండు చేతులా అందుకున్నారు.

"కొత్త పిల్ల మీద ఎగరకు బార్తోలో. దుంపలు నావి, బుద్ధీ నాదే."

"నీ అత్త కూడా నీకు ఇలాగే దాచిచ్చిందా ఎదుల్మిరా?"

"ఇచ్చింది. ఆ ఇల్లు మాత్రం తేలింది!"

బస్తాలు విప్పి గంపల్లోకి పోశారు. ఊదావి, నల్లవి, వంకరవి అన్నీ కలిసిపోయాయి. కలపకే పిల్లా అని నాకు వందసార్లు చెప్పిన మనిషి తన చేత్తోనే కలిపారు. పడవలోకి వెళ్తున్న గంపల వైపు ఒక్కసారి చూసి, తల తిప్పేసుకున్నారు.

పోటు మొదలయ్యేసరికి అందరూ వెళ్ళిపోయారు. మళ్ళీ మేమిద్దరమే. ఎలియెసెర్ కింది గది గోడ మీద నిన్నటి తడి మరకను చూస్తూ మెట్ల మీద కూర్చున్నాడు. నీళ్ళు పెరిగాయి. మరకకు జానెడు కింద ఆగాయి. అంతకు మించి రాలేదు. బయట బోట్లు ఒకేసారి హోరెత్తాయి. తాళ్ళు బిగిశాయి. ఏమీ జరగలేదు. నేను ఊపిరి బిగబట్టాను, అదేదో నా బరువు తగ్గిస్తుందన్నట్టు.

ముందుగా వంటగది మూల లేచింది. తర్వాత నేలంతా ఒక పక్కకు ఒరిగి, నిదానంగా సర్దుకుంది. కాళ్ళ కింద ఆ మెత్తటి ఊగుడు నాకు ఏడుపు తెప్పించింది. దూరంగా ఒడ్డున కేకలు.

ఎలియెసెర్ నిన్నటి నుంచి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"ఇంకేమైనా దాచావా?"

"లేదు."

"ఆలోచించి చెప్పు."

నిజంగానే ఆలోచించాను.

"నువ్వు గురక పెడతావని మా అమ్మకు ఉత్తరం రాశాను," అన్నాను.

తను నవ్వలేదు. చేతిలోని తాడు కొస నాకు అందించి, పక్కకు జరిగి, మెట్టు మీద చోటిచ్చాడు. లిన్‌కాయ్ చేరి, ఎవరైనా వచ్చి తలుపు పలకలు ఊడదీయడానికి ఇంకా రెండు గంటలు. అంతవరకూ ఇద్దరం లోపలే.